దేశాన్ని నేను నడిపిన అయిదు రోజులు

ఒక గురువారం మధ్యాహ్నం మొదలు సోమవారం మధ్యాహ్నం దాకా ఈ దేశాన్ని నేనొక్కణ్ణే నడిపాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. ఆ అయిదు రోజులూ రాజధానిలో ప్రధానమంత్రి లేడు. మంత్రులు లేరు. మంత్రుల కారు తలుపులు తీసేవాళ్లు కూడా ఇళ్లకు పోయి కాళ్లు చాపుకుని పడుకున్నారు. అయినా మా ఎనభైమూడు దీవుల్లో ఒక్క దీవి మునగలేదు, ఒక్క అగ్నిపర్వతం తొందరపడలేదు, ఒక్క పంది దొడ్డి దాటలేదు. ఎందుకంటారా? నేనున్నాను గనక.

నా పేరు ఒబెద్. మా దీవిలో పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ పెళ్లాడినవాళ్లనీ పుస్తకంలో ఎక్కించేది నేనే. ఇరవై రెండేళ్లుగా ఎక్కిస్తున్నాను. ఆ పని కోసం నాకు ఇచ్చిన సరంజామా ఇంతే: మూల చెదలు తిన్న లావుపాటి పుస్తకం, ఎండిపోయినప్పుడల్లా నీళ్లు చిలకరించి బతికించుకునే సిరా డబ్బా, ఒక రబ్బరు ముద్ర. ముద్ర మీద మా దేశపు గుర్తు ఉంటుంది. ఈటె పట్టుకున్న మనిషి, అతని వెనక గుండ్రంగా వంకీ తిరిగిన పంది కోర, అందులో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన, ఈతాకుల్లాంటి రెండు నమెలె ఆకులు. నేను కాస్త గట్టిగా గుద్దే రకం. ఇరవై రెండేళ్ల గుద్దుళ్లకు ఆ మనిషి అరిగిపోయాడు. ఇప్పుడు కాగితం మీద పడేది కోరా, ఆకులూ మాత్రమే. మనిషి ఉండాల్సిన చోట ఓ మసక మచ్చ.

ఇక నా పరిపాలనలో జరిగిన సంగతి చెబుతాను.

నా చెల్లెలు నవోమికి ఒకతే కూతురు, లెయ్‌మారా. ఆ పిల్ల మనసుపడ్డ కుర్రాడు మనాసే. మాకు ఉత్తరంగా ఉన్న పెద్ద దీవి వాడు, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. మా ఊరి పడవ మొరాయిస్తే కబురు పెట్టి రప్పించాం. ఇంజను మూడు రోజుల్లో బాగైంది. కానీ వాడు మూడు నెలలు దాన్ని బాగుచేస్తూనే ఉన్నాడు, లెయ్‌మారా పక్కన నిలబడి రెంచీ అందిస్తూనే ఉంది.

ఆ పిల్ల తండ్రి కల్మెట్. నాకు బావ. వాళ్ల అన్న మా ఊరి పెద్ద. ఆయన కిందటేడు పోయాడు. తరవాతి పెద్ద కల్మెటే అని అందరికీ తెలుసు, కల్మెట్‌కు అందరికంటే ముందు తెలుసు. వచ్చే విందులో పదవి ఇవ్వాలి, ఇంకా ఇవ్వలేదు, అంతే.

మొదట్లో బావ పెళ్లికి ఒప్పుకున్నాడు. నకమాల్ చావిడి ముందు, నలుగురు మగవాళ్లు మత్తెక్కే కావా రసం చిప్పలు పట్టుకుని కూర్చున్న చోట, గుండె మీద చెయ్యి వేసుకుని మాట కూడా ఇచ్చాడు.

"నేను పాతకాలపోణ్ణి కాదు. ఒబెద్ బావ పుస్తకంలో రాసి ముద్ర గుద్దాడంటే పెళ్లయినట్టే. అమ్మాయి ఓడెక్కే రోజున చాప నేనే పరుస్తా."

చాప సంగతి చిన్నది కాదు. మా దగ్గర ఆడపిల్ల అత్తవారి దీవికి వెళ్లేటప్పుడు ఇంటి గుమ్మం నుంచి నీటి అంచు దాకా చాపల మీద నడిచి వెళుతుంది. మొదటి చాప తండ్రి చేత్తో పరవాలి. అలా వెళ్లిన పిల్ల ఎప్పుడొచ్చినా పొయ్యి దగ్గరికి తిన్నగా వెళ్లి కుండ మూత తీసి చూడొచ్చు. చాప లేకుండా వెళ్లిన పిల్ల వస్తే అతిథి. గుమ్మం పక్కన కూర్చోవాలి. కన్నతల్లే పరాయిదానికి వడ్డించినట్టు ఆకులో దుంపల తురుము కాల్చి చేసిన లాప్‌లాప్ పెట్టి మర్యాద చేస్తుంది. ఆ మర్యాద ఎంత చేదుగా ఉంటుందో తిన్నవాళ్లను అడగాలి.

అంతా సవ్యంగా ఉండగా స్వాతంత్ర్య దినం వచ్చింది. ఆ రోజు ఇనుప బంతుల ఆట, గురికి దగ్గరగా బంతులు విసిరి ముందు పదమూడు పాయింట్లు చేసినవాడిదే గెలుపు. కల్మెట్ పదకొండేళ్లుగా ఓడిపోలేదు. కాబోయే మామతో ఆడేటప్పుడు చెయ్యి ఎక్కడ వణకాలో మనాసేకి తెలియలేదు. పదమూడు–రెండు. ఆ రెండు కూడా కుర్రాడు జాలిపడి వదిలాడని ఊరంతా అంది. నేను అనలేదు. నేను నవ్వాను, అంతే.

అప్పట్నుంచి బావ మొహం పులిసిన సీమపనసపిండిలా తయారైంది. కానీ మాట ఇచ్చేశాడు. పుస్తకంలో ఎక్కితే చాప పరవాలి. ఏం చెయ్యాలో తెలియక మీసం కొరుక్కుంటూ తిరిగాడు.

పెళ్లి శుక్రవారం అనుకున్నాం. గురువారం మధ్యాహ్నం నేను రేడియో పెడితే ప్రభుత్వం పడిపోయిందని చెప్పారు. సభలో ఎవరో నలుగురు అటు కుర్చీల్లోంచి ఇటు కుర్చీల్లోకి మారారట. ఆ ఏడాదిలో అది మూడోసారి. నేను రేడియో కట్టేసి సిరా డబ్బాలో నీళ్లు చిలకరించుకున్నాను. ప్రభుత్వం పడ్డప్పుడల్లా పుస్తకం మూసేస్తే ఈ దీవిలో సగంమంది పిల్లలు వాళ్ల అమ్మానాన్నల పెళ్లిలో లాప్‌లాప్ వడ్డించే వయసుకొచ్చి ఉండేవాళ్లు.

శుక్రవారం పొద్దున్న లెయ్‌మారా, మనాసే సంతకాలు పెట్టారు. నవోమి సాక్షి సంతకం పెట్టింది. బావ వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని మూడు సార్లు లాప్‌లాప్ పెట్టించుకున్నాడు. నేను ముద్ర ఎత్తి గుద్దాను. బల్ల మీది గ్లాసులు ఎగిరాయి.

సోమవారం కొబ్బరి కురిడీలు కొనే పడవ వచ్చింది. ఆ పడవవాళ్లు తమ రేడియోలో విన్న రాజధాని కబుర్లు చెప్పారు. గంట తిరగకుండా బావ నా అరుగు మీద ప్రత్యక్షం. మొహం వెలిగిపోతోంది.

"ఒబెద్ బావా, శుక్రవారం నాడు నువ్వెవరివి?"

"ఆదివారం ఎవర్నో శుక్రవారమూ వాణ్ణే."

"హాస్యాలొద్దు. నిన్నీ కుర్చీలో కూర్చోబెట్టిందెవరు?"

"గవర్నమెంటు."

"గురువారం పడిపోయింది కదా అది?"

"పడింది."

"చెట్టు గురువారం పడితే, కొమ్మ మీద కూర్చున్నోడు శుక్రవారం ఎక్కడుంటాడు?"

"కింద."

"అదీ సంగతి! కింద పడ్డోడు గుద్దిన ముద్ర అది. చెల్లదు. పెళ్లి కాలేదు. చాప లేదు." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు కొత్త గవర్నమెంటు ఇవాళ మధ్యాహ్నం వచ్చిందట. వాళ్లు నీకు మళ్లీ కుర్చీ ఇచ్చేదాకా నేల మీదే కూర్చో, బట్టలు మాయకుండా చూసుకో."

ఎప్పుడో అరవై ఏళ్ల కిందట ఇదే ప్రశ్నకు జవాబు తెలియక దెబ్బలు తిన్నాను. మా చిన్నప్పుడు ఈ దీవుల్ని ఇద్దరు దొరలు కలిసి ఏలేవారు. పోలీసులు రెండు రకాలు, జైళ్లు రెండు, జెండాలు రెండు. ఒకటి పైకీ ఒకటి కిందికీ లేకుండా రోజూ కొలిచి కట్టేవారు. అటువంటి రోజుల్లో మా మిషను బడి మాస్టారు బోర్డు మీద రాశాడు: రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు, తేడా చెప్పుము. నేను లేచి, "ప్రభుత్వాలు రెండూ కనబడుతున్నాయి సార్, రాజ్యం ఎక్కడుందో మీరే చూపించండి," అన్నాను. మాస్టారు చూపించలేదు. బెత్తం చూపించాడు. అప్పట్నుంచి ఆ రెండు మాటలూ ఎక్కడ కలిసి కనిపించినా నా అరిచేతులు దురదపెడతాయి.

ఆ సాయంత్రం నకమాల్‌లో బావ ఇంకో అడుగు వేశాడు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మన ఆచారం ప్రకారం పెద్దమనిషి పోతే పది రోజులు ఏ కొత్త పనీ మొదలెట్టం. తోట పని లేదు, గెడ్డం గీసుకోడం లేదు, పెళ్లి లేదు. అవునా?"

"అవును," అన్నారు అందరూ.

"ఊరి పెద్ద పోతేనే పది రోజులైతే, దేశపు పెద్ద పోతే?"

ఆ ప్రశ్న ఎవరికీ అంతకుముందు తట్టలేదు. తట్టాక మాత్రం అందరికీ నచ్చింది. పెండలం నాటే కాలం మరి. ఎండలో గోతులు తవ్వే కాలం. పది రోజులు గడ్డపార ముట్టుకోనక్కర్లేదంటే ఎవరికి చేదు?

"పోయిన గవర్నమెంటు మంచిదేనా?" అని ఒకడు అడిగాడు.

"పోయినవాళ్ల గురించి అట్టా అడక్కూడదు," అని ఇంకొకడు కళ్లొత్తుకున్నాడు.

"మరి ఇంతకుముందు రెండు పోయాయి కదా ఈ ఏడాది? వాటికి మనం ఏడవనేలేదే!"

"అందరికీ కలిపి ఇప్పుడేడుద్దాం."

అలా మా ఊరు సంతాపంలో మునిగింది. గురువారం నుంచి లెక్కపెడితే వచ్చే శనివారం దాకా. అమ్మాయిని అత్తవారి దీవికి తీసుకెళ్లే ఓడ కూడా శనివారమే. సంతాపం రోజుల్లో జరిగిన పెళ్లి పెళ్లి కాదు, సంతాపం రోజుల్లో చాప పరవడానికి వీల్లేదు. బావ ఒక రాయితో రెండు తలుపులూ మూసేశాడు.

మంగళవారం పొద్దున్నే లెయ్‌మారా వచ్చి నా బల్ల ముందు నిలబడింది. పెళ్లిపత్రం అరిటాకులో చుట్టి చంకలో పెట్టుకుంది.

"మావయ్యా, ఒక్క మాట చెప్పు. నాకు పెళ్లయిందా, కాలేదా?"

"అయిందే అమ్మడూ. నేను గుద్దలేదూ?"

"నాన్న కాలేదంటున్నాడు."

"మీ నాన్న పదమూడు–రెండు కూడా కాలేదంటాడు."

ఆ పిల్ల నవ్వలేదు. "శనివారం ఓడ పోతే మళ్లీ నెలన్నరకి గానీ రాదు. పెండలం నాటే కాలం దాటిపోతుంది, అక్కడ వాళ్లమ్మ ఒక్కతే ఉంది. మనాసే ఆగలేడు. చాప లేకపోయినా ఫర్లేదు వచ్చెయ్ అంటున్నాడు. వాడికేం తెలుసు? నేను మళ్లీ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంటే అమ్మ నాకు ఆకులో వడ్డించాలా? నేనా అతిథిని?"

ఆడపిల్ల ఏడిస్తే చూడలేను, అందులోనూ నా ముద్ర వల్ల ఏడిస్తే. "కొండెక్కి రాజధానికి ఫోన్ చేస్తా ఉండు," అన్నాను. మా దీవిలో ఫోను మాట్లాడాలంటే కొండ మీద ఎండిపోయిన చెట్టు మొదట్లో ఒంటికాలి మీద నిలబడాలి. రెండో కాలు దించితే మాట తెగిపోతుంది.

మధ్యాహ్నానికి దిగి తిన్నగా బావ ఇంటికే వెళ్లాను. బావ గెడ్డం నిమురుకుంటూ గట్టిగా సంతాపం పాటిస్తున్నాడు, అంటే పడుకుని ఉన్నాడు. నవోమి చేమదుంపలు చెక్కుతోంది. లెయ్‌మారా గుమ్మంలో కూర్చుంది. నేను జరిగింది చెప్పాను.

"మంత్రిగారు కావాలన్నాను. 'ఏ మంత్రి? పాతాయన వెళ్లిపోయాడు, కొత్తాయన ఇంకా కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాడు,' అన్నాడు ఫోనెత్తినోడు. మరి నువ్వెవరివన్నాను. గుమాస్తానన్నాడు. గవర్నమెంటు పడిపోయింది కదా, శుక్రవారం ఆఫీసుకెందుకొచ్చావన్నాను. 'పడిపోయేది పై అంతస్తు తాతా. మేం కింది అంతస్తు. శుక్రవారం ఏడున్నరకి వచ్చాను, పెళ్లిళ్ల కాగితాలు పదకొండు సర్దాను, సాయంత్రం తాళం వేసుకుని వెళ్లాను,' అన్నాడు."

బావ ఒక కన్ను తెరిచాడు. "పేరేంటి వాడిది?"

"అడగలేదు."

"పేరు లేని గుమాస్తా మాట మీద కూతుర్ని ఓడెక్కించమంటావా?" అని కన్ను మూసుకున్నాడు.

లెయ్‌మారా మాత్రం నా వైపే చూస్తోంది. "మావయ్యా, ఇంకోసారి చెప్పు. పైవాళ్లు పోయినా కిందివాళ్లు వస్తూనే ఉంటారా?"

"వస్తూనే ఉంటారు."

"ఎవరు చెప్పకపోయినా?"

"ఎవరు చెప్పకపోయినా."

ఆ పిల్ల లేచి చాలాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

ఆ చూసిన వైపున ఏముందో చెప్పాలి. మా ఊరికి ఎదురుగా, ఆటు వచ్చినప్పుడు బయటపడే రాతి తిట్ట ఒకటుంది. రెండేళ్ల కిందట చేపలు తగ్గిపోతున్నాయని పాత పెద్ద, అంటే కల్మెట్ అన్న, తిట్ట మొదట్లో ఒక గుంజ పాతి దానికి నమెలె ఆకు కట్టాడు. ఆకు కడితే ఆ చోటు మూసినట్టు. వల వెయ్యకూడదు, గవ్వ ఏరకూడదు. దాటినవాడు ఊరికి జరిమానాగా పందిని ఇవ్వాలి. పెద్ద పోయాక కూడా ఒక్కడూ గుంజ దాటలేదు. ఆకు ఎండి రాలినప్పుడల్లా కల్మెట్ వెళ్లి కొత్త ఆకు కట్టి వస్తాడు. తనకు పదవి ఇచ్చే విందు రోజున దాన్ని విప్పి ఊరంతటికీ చేపలు పంచాలని ఆయన ఆశ. ఆ రెండేళ్లలో తిట్ట మీద జీవాలన్నీ బాగా పొగరెక్కాయి. ముఖ్యంగా ఒక ఆక్టోపస్. ఎవరూ ముట్టుకోరని తెలిసిపోయి, బావ ఆకు మార్చడానికి వెళ్లినప్పుడు ఒక చేత్తో ఆయన టోపీ తీసి, తల చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టేది.

గురువారం పొద్దున్న పెద్ద ఆటు. ఊరు ఊరంతా సంతాపంలో ఉంది కాబట్టి అందరూ ఒడ్డునే ఉన్నారు, ఇనుప బంతులు ఆడుకుంటూ. అంతలో ఎవరో కేక వేశారు. చూస్తే లెయ్‌మారా! భుజాన బుట్ట, చేతిలో కత్తి. మోకాళ్ల లోతు నీళ్లలో తిన్నగా తిట్ట వైపు నడుస్తోంది. వెనకాల పది బారల దూరంలో మనాసే, ఇంజను నూనె చేతులు గాల్లో ఊపుతూ, "వద్దే, వద్దే," అంటూ.

బావ చేతిలో బంతి కాలి మీదే పడింది. కుంటుకుంటూ నీళ్లలోకి పరిగెత్తాడు. ఊరంతా ఆయన వెనక.

"ఆగు! పిచ్చెక్కిందా నీకు? ఆకు కనబళ్లేదా?"

లెయ్‌మారా ఆగింది కానీ వెనక్కి తిరగలేదు. "కనబడింది నాన్నా. ఎవరు కట్టారది?"

"మీ పెదనాన్న!"

"పెదనాన్న పోయాడుగా. ఆయన కట్టిన ఆకు ఎప్పుడో రాలిపోయింది."

"తరవాత నేను కట్టాను కదే!"

"నువ్వెవరివి నాన్నా? పెద్దవా? ఇంకా కాలేదుగా. చెట్టు పడిపోయింది, నువ్వింకా కొమ్మ కూడా కాదు. ఈ ఆకు చెల్లదు. ఈ రెండేళ్ల చేపలూ మా అత్తగారికి పట్టుకెళ్తా."

"ఆకు నాది కాదే మొద్దూ!" బావ గొంతు చిరిగిపోయింది. "మీ పెదనాన్నదీ కాదు! కట్టే చెయ్యి ఎవరిదైతేనేం? పెద్దలు వస్తారు, పోతారు. ఆకు ఊరిది! ఊరున్నంతకాలం చెల్లుతుంది!"

అంతమందిలో మొదట నవ్వింది నవోమి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు దాగలేదు. తరవాత ఒకరి తరవాత ఒకరు. చివరికి ఒడ్డున కట్టేసిన పంది కూడా.

బావ ఇంకా ఆయాసపడుతూనే ఉన్నాడు. తను ఏమన్నాడో తనకు ఇంకా పూర్తిగా చేరలేదు.

లెయ్‌మారా అప్పుడు తిరిగింది. బుట్టలోంచి అరిటాకు పొట్లం తీసి విప్పి, పత్రం తండ్రి కళ్ల ముందు పట్టుకుంది. "ఇదిగో మావయ్య గుద్దిన ముద్ర. ఇందులో ప్రధానమంత్రి మొహం ఎక్కడుందో చూపించు."

బావ కళ్లు చికిలించి చూశాడు. తడి వేలితో ముద్ర మీద రుద్దబోయి ఆగాడు. "మనిషెవడూ లేడు. ఇక్కడేదో మచ్చ ఉంది."

"మరి ఏముంది?"

ఆ గుర్తు మా జెండా మీద ఉంది, బడి గోడ మీద ఉంది, నా పుస్తకం అట్ట మీద ఉంది. పుట్టినప్పట్నుంచి చూస్తున్నదే. చూస్తున్నదే కాబట్టి ఎప్పుడూ చూడలేదు.

"నమెలె ఆకు," అన్నాడు, చివరికి గొణుగుతున్నట్టు.

"ఎన్ని?"

"రెండు."

"ఒక్క ఆకుకే నువ్వు కాలు విరగ్గొట్టుకుని పరిగెత్తుకొచ్చావ్. నా పెళ్లికి రెండున్నాయి నాన్నా."

బావ నా వైపు తిరిగాడు. "ఒబెద్ బావా, ఈ ముక్క సోమవారమే నువ్వు చెప్పొచ్చుగా?"

"నేను గుద్దేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు బావా," అన్నాను. అది నిజం. ఇరవై రెండేళ్లు ఆ ముద్ర నా చేతిలోనే ఉంది, ఆ పిల్లకు తట్టింది నాకు తట్టలేదు. అరవై ఏళ్ల కిందటి దెబ్బలు అప్పుడు గానీ చల్లారలేదు.

బావ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఆఖరి ఆయుధం తీశాడు. "సరే, ముద్ర ఒప్పుకున్నా. మరి సంతాపమో? శనివారం దాకా ఉందిగా. చాప పరవకూడదు."

నవోమి నోటి మీంచి చెయ్యి తీసింది. "అవునవును. పదో రోజున సంతాపం విందు కూడా ఉంటుంది కదండీ. సంతాపం ప్రకటించినవాళ్లే పంది కొయ్యాలి. మీ కోరలు తిరిగిన పందే కావాలి, దేశపు పెద్ద కదా పోయింది. ఈ ఏడాది మూడు పోయాయి కాబట్టి మూడు."

ఊరంతా ఒక్కసారిగా సంతాపం మీద గౌరవం పెంచేసుకుంది. "మూడు! మూడు!" అని కేకలు.

బావ గెడ్డం తడుముకున్నాడు. "ఎవరు పోయారంటా? పోవడమేంటి? పడింది, అంతే. ఇనుప బంతి నా కాలి మీద పడింది, నేను పోయానా? గవర్నమెంటూ మొన్న పడింది, సోమవారం లేచింది. సంతాపం లేదు, ఏం లేదు. పొండి, పొండి, పెండలం గోతులు తవ్వుకోండి!"

జనం మూలుగుతూ వెనక్కి తిరిగారు. అప్పుడు ఆయనకు ఇంకొకటి గుర్తొచ్చింది. మొహం గట్టిపడింది. "లెయ్‌మారా. గుంజ దాటావా?"

"నా పాదం చూడు నాన్నా."

వంగి చూశాం. ఆ పిల్ల కుడిపాదం గుంజకు ఇవతల, జానెడు దూరంలో ఇసకలో దిగబడి ఉంది. బుట్ట ఖాళీ. కత్తి తడవలేదు కూడా.

"ఊరి ఆకు నేనెందుకు దాటుతాను?" అంది.

బావ కూతురి చేతిలోంచి బుట్ట తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ ఒడ్డు వైపు నడిచారు. వెనక ఆక్టోపస్ ఒక చెయ్యి పైకెత్తింది, టోపీ కోసం అనుకుంటాను.

శనివారం పొద్దున్న ఓడ కూత వినబడ్డాక కూడా బావ ఒక షరతు పెట్టాడు. అల్లుడితో ఇంకో ఆట. ఈసారి లెయ్‌మారా మనాసే చెవిలో ఏదో చెప్పింది. బావ పదమూడు–పన్నెండుతో గెలిచాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోవడం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుసు. కుర్రాడి మెడ మీద చెమట కారిపోయింది. అల్లుడు ఇంజన్లతోపాటు మనుషుల్ని కూడా బాగుచెయ్యడం నేర్చుకుంటున్నాడని నాకు నమ్మకం కుదిరింది.

తరవాత బావ మొదటి చాప తెచ్చి గుమ్మం ముందు పరిచాడు. ఒక మూల ముడుచుకుంటే మోకాళ్ల మీద కూర్చుని అరిచేత్తో సాపు చేశాడు. అది ఎప్పుడో సాపయింది. ఆయన మాత్రం చేస్తూనే ఉన్నాడు. లెయ్‌మారా ఆ చేతి పక్కనే పాదం పెట్టి నిలబడింది.

"ఓడ వెళ్లిపోతుందండీ," అంది నవోమి.

"వెళ్లనీ, దాని కంగారేంటి," అన్నాడు బావ. కానీ చెయ్యి తీశాడు.

ఆ చాపల మీద నడిచి వెళ్లిన పిల్ల నాలుగు నెలలకు వచ్చింది. వస్తూనే పొయ్యి దగ్గరికి వెళ్లి కుండ మూత తీసి, "ఇంతేనా?" అంది. ఆ మాట నవోమి రెండు రోజులు అందరికీ చెప్పుకుని మురిసింది.

ఇప్పుడు, మొదట్లో నేను కొట్టిన గొప్పల సంగతి. దేశాన్ని అయిదు రోజులు నేను నడపలేదు. ఆ అయిదు రోజుల్లో నేను చేసింది ఒక్క గుద్దు. మిగతా వేళంతా అరుగు మీద కూర్చుని సీమపనసకాయ కాల్చుకు తిన్నాను. అదే వేళలో ఏదో దీవిలో నర్సు దెబ్బకు కట్టు కట్టి ఉంటుంది, ఎవరో పంతులమ్మ పలకలు దిద్ది ఉంటుంది, ఇంకెవరో ఎండిన ఆకు తీసి పచ్చి ఆకు కట్టి ఉంటారు. ఎవరికి వాళ్లు తామే దేశాన్ని నడిపామని చెప్పుకున్నా నేను తగువుకు రాను.

ఈ కథలో ఒక్క సంగతి మాత్రం నేను కల్పించాను. ఆక్టోపస్ అనుకుంటున్నారు కదూ? ఆక్టోపస్ నిజం. కావాలంటే టోపీ పెట్టుకుని రండి. కల్పించింది గుమాస్తాని. ఆ మంగళవారం కొండ మీద ఒంటికాలి మీద గంటసేపు నిలబడ్డాను, ఫోను కుయ్యిమనలేదు. పిల్లకు ఏం చెప్పాలో తోచక దిగివస్తూ దారిలో వాణ్ణి పుట్టించాను, కింది అంతస్తూ, ఏడున్నర గంటలూ, తాళంచెవితో సహా. పుట్టినవాళ్లను పుస్తకంలో ఎక్కించడం నా పనే, కానీ వాణ్ణి మాత్రం ఎక్కించలేదు.